పుంగనూరు కోవాలో నా వాటా

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి సంగతి మీరు వినే ఉంటారు. ఆ తల్లి నాకంటే నయం. ఆమె ఒక్క ఊరే వెతికింది. నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ వెతికాను. పైగా ఆమె బిడ్డ చంకలో ఉన్నాడు కాబట్టి ఎదురొచ్చినవాళ్ళు ఎవరైనా చూసి చెప్పగలరు. నేను వెతికింది కంటికి ఆనేది కాదు. అది దాక్కున్న చోటు కూడా మర్యాదస్తులు తొంగి చూసే చోటు కాదు.

తినే పదార్థాల్లో హాని చేసే బ్యాక్టీరియాను పట్టుకోవడం నా ఉద్యోగం. మదనపల్లెలో ఒక ప్రైవేటు ల్యాబులో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను పట్టుకున్నవాటి గురించి మొదలుపెడితే వాళ్ళకు ఆవలింతలొస్తాయి. పట్టుకోలేకపోయినదాని గురించి చెబితే కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. అందుకని ఇదే రాస్తున్నాను.

కుప్పంలో ఒక మిఠాయి అంగడి ఉంది. దానికి కోవా పుంగనూరు నుంచి పోతుంది. పుంగనూరులో ఆ కోవా చేయించే ఆయన్ని ఊరంతా భాయ్ అంటుంది, నేనూ అంతే. పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి తెల్లారేసరికి పాలొస్తాయి. పెద్ద బాండ్లిలో మరిగి మరిగి మధ్యాహ్నానికి కోవా అవుతాయి, సాయంత్రం బస్సెక్కి కుప్పం చేరతాయి. బాండ్లి దగ్గర తెడ్డు తిప్పేది ఒక పెద్దామె. పెద్దపంజాణి దగ్గరి పల్లెదే. తెడ్డు ఆమె చేతిలో ఉన్నంతసేపూ పాలు అడుగంటవని భాయ్ నమ్మకం. తెడ్డు తిప్పడం ఆమెకు పనే కాదు, పరువు కూడా.

కుప్పం అంగడాయనకు తన సరుకు బెంగుళూరుకు పంపాలని ఆశ పుట్టింది. అక్కడివాళ్ళు ల్యాబు రిపోర్టు ఉంటేనే తీసుకుంటామన్నారు. ఆయన మా దగ్గరికి వచ్చి ఒక షరతు పెట్టాడు.

"పుంగనూరోళ్ళు పంపే శాంపిలు నాకొద్దు సార్. మంచి ముద్ద ఒగటి ఏరి మీకు పంపేస్తారు, మిగిలింది నాకు తోసేస్తారు. మీరే పొయ్యి తెచ్చుకోండి."

అంతవరకూ శాంపిళ్ళు మా గుమ్మంలోకే వచ్చేవి. ఇప్పుడు నేనే గుమ్మం దిగాల్సి వచ్చింది. ఐసు పెట్టె, కాగితంలో చుట్టి క్రిములు చంపిన చెంచాలు, గ్లోవ్సు, స్పిరిటు సీసా సంచీలో సర్దుకుని పుంగనూరు బస్సెక్కాను. చొక్కా జేబులో నశ్యం డబ్బీ ఎలాగూ ఉంటుంది. మా మేనమామ నాకు పిల్లనివ్వలేదు గానీ నశ్యం అలవాటు మాత్రం ఇచ్చాడు. ఏదో ఒకటి ఇచ్చాడు కదా అని దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, ఇది నా ఒక్కడిదే కాదు. మా వైపు కోవా కొనేవాడు ముందు గిల్లుతాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పెట్టి నలిపి, నెయ్యి మెరిసిందా, రవ్వ తగిలిందా చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు ధర అడుగుతాడు. గిల్లకుండా కొనేవాణ్ణి చూస్తే ఎవరో పై ఊరోడు అనుకుంటారు. నేను పై ఊరోణ్ణి కాదు. కాబట్టి భాయ్ పళ్ళెం ముందు పెట్టగానే ముద్దను గిల్లాను. "బాగుంది భాయ్" అన్నాను. ఆ తర్వాత స్పిరిటుతో చేతులు తుడుచుకుని, గ్లోవ్సు తొడుక్కుని, కాగితం విప్పి చెంచా తీసి, ఆ గిల్లిన చోటే, రవ్వ బాగుందని నేను తేల్చుకున్న చోటే, శాంపిలు తీసుకున్నాను.

గ్లోవ్సు వేసుకోకముందు నేను కోవా కొనే మనిషిని. వేసుకున్నాక సైంటిస్టుని. ఆ తేడా నాకు తెలుసు. బ్యాక్టీరియాకు తెలియదు.

మేము వెతుకుతున్నదాని పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. పేరు పలికేలోపు కోవా చల్లారిపోతుందని మా ల్యాబులో స్టాఫ్ అని పిలుచుకునేవాళ్ళం. ఒకసారి నేను ఫోనులో "మన దగ్గర స్టాఫ్ మరీ ఎక్కువైపోయింది, ఏదో ఒకటి చెయ్యాలి" అంటుంటే విని, కొత్తగా చేరిన అకౌంటెంటు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ బ్యాక్టీరియాను గుడ్డుసొన కలిపిన మేత పోసిన గాజు ప్లేటు మీద పెంచుతాం. వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లగా నిగనిగలాడుతూ, చుట్టూ తేట వలయంతో, కాటుక చుక్కలు పెట్టినట్టు లేస్తుంది. అందంగానే ఉంటుంది. ఆ అందానికి మోసపోకుండా దాన్ని కుందేలు రక్తం నుంచి తీసిన ప్లాస్మాలో వేసి చూస్తాం. గడ్డకట్టిందంటే అదే. వేడి తగిలితే అది చస్తుంది గానీ, అప్పటికే వదిలిన విషం చావదు. తిన్నవాళ్ళు పూట తిరక్కుండానే వాంతులతో పడిపోతారు.

నా ప్లేటు మీద కాటుక చుక్కలు లేచాయి. గడ్డ కూడా కట్టింది. రిపోర్టులో "పనికిరాదు" అని రాసి, ఆ మాట భాయ్‌కి ముఖాముఖి చెప్పడం ధర్మమని మళ్ళీ పుంగనూరు పోయాను.

"ఇది మనుషుల ముక్కుల్లో, చేతుల మీద ఉంటుంది భాయ్. పాలల్లో ఉండేది మరిగేటప్పుడే చస్తుంది. అంటే మరిగినాక మీవాళ్ళెవరో కోవాలో చెయ్యి పెట్టినారు" అన్నాను. అంటూ, ఆరోజు పళ్ళెంలో ఉన్న ముద్దను గిల్లాను.

"మా కాడ అట్లాంటోళ్ళు ఎవురూ లేరు సాబ్."

"ముక్కులుండే వాళ్ళు ఉండారా?"

"ఉండారు."

"అయితే అదీ ఉంటుంది."

ఈ జవాబు నాకే బాగా నచ్చింది. తిరుగు బస్సులో తలుచుకుని మరీ నవ్వుకున్నాను, ఒక పట్టు నశ్యం పీల్చి.

తర్వాతి వారం దూది చుట్టిన పుల్లలు పట్టుకుపోయి, పనివాళ్ళందరి ముక్కుల్లోనూ తిప్పి తీశాను. పెద్దామె వంతు వచ్చేసరికి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నొప్పెడతాదా సామీ?"

"నొప్పి ఉండదమ్మా. తల పైకెత్తు. ఊరికే గిలి పెడతాది, అంతే."

ఆమె గట్టిగా తుమ్మింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ప్లేట్లలో ఆమెది ఒక్కటే నల్లబడింది. ఈ బ్యాక్టీరియా చాలామంది ముక్కుల్లో ఏ హానీ చెయ్యకుండా అద్దె లేని ఇంట్లో ఉన్నట్టు ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ, దొరికిందన్న సంబరంలో దాన్ని మర్చిపోయాను. ఆమె ముక్కులో ఉన్నదీ కోవాలో ఉన్నదీ ఒకటేనా అని కూడా చూడలేదు. "ఆమెను కొన్నాళ్ళు కోవా దగ్గర కాకుండా వేరే పనిలో పెట్టు భాయ్" అని ఫోను చేశాను. కుప్పం బేరం పోతుందేమోనన్న భయంలో ఉన్న భాయ్ ఆమెను ఇంటికే పంపేశాడు. "నేను పంపమనలేదు" అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే, అనలేదు.

పల్లెలో మాట ఆగదు కదా. ల్యాబోళ్ళు ఆమె ముక్కులో రోగం కనిపెట్టారని పాకింది. ఊళ్ళో పెళ్ళికైనా దినానికైనా పొయ్యి దగ్గరికి ఆమెనే పిలిచేవాళ్ళు, పిలవడం మానేశారు. ఆమె టమోటా కోతలకు కూలికి పోవడం మొదలుపెట్టిందని నాకు భాయే చెప్పాడు. ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేనూ అలాగే విన్నాను.

రెండో శాంపిలు ప్లేటు ఇంకా నల్లగా వచ్చింది.

తెడ్డు తిప్పే చెయ్యి మారింది, ముక్కు మారింది, బ్యాక్టీరియా మాత్రం మారలేదు. వడగట్టే గుడ్డ మీద అనుమానపడ్డాను, భాయ్ గుడ్డ మార్చాడు. పళ్ళేల మీద పడ్డాను, పళ్ళేలు మార్చాడు. తక్కెడ, ఈగలు, కిటికీ, చివరికి వీధిలో పోయే మేకలు, అన్నిటినీ నిందించాను. "ఇంక మార్సాల్సింది నన్నొక్కడినే సాబ్" అన్నాడు భాయ్. కుప్పం అంగడాయన ఫోను చేసి, "ఇంకొక్కసారి ఇట్లే వస్తే భాయ్ కాడ తీసుకునేది ఆపేస్తాను సార్. మనసొప్పదు, అయినా ఏం చేసేది" అన్నాడు. ఆయన ఆపేస్తే భాయ్ బాండ్లి కింద పొయ్యి ఆరిపోతుంది. దాని చుట్టూ ఉన్న ఇళ్ళల్లో పొయ్యిలు కూడా.

మూడో శాంపిలుకు నేను పోలేకపోయాను. ల్యాబులో సబ్బునీళ్ళ మీద జారి మోకాలు వాచింది. నాతో పనిచేసే అమ్మాయి వెళ్ళింది. నాకంటే చాలా చిన్నది. మాట తక్కువ, ఆ తక్కువలోనే ముళ్ళు ఎక్కువ. ఆమె తెచ్చిన శాంపిలు ప్లేట్లు రెండు రోజులైనా కడిగిన పలకలా ఖాళీగా ఉన్నాయి.

నేను సంతోషించాల్సింది. అనుమానించాను.

"ప్లేటు సరిగ్గా పోశావా అమ్మా? వేడి ఎక్కువైందేమో. ఏదో తప్పు జరిగుంటుంది చూడు."

"ప్లేటు ఖాళీగా ఉంటే తప్పు నాది. నల్లగా ఉంటే తప్పు భాయ్‌ది" అంది ఆమె, సీసా మూత బిగిస్తూ. "మీ వంతు ఎప్పుడొస్తుంది సార్?"

దారి కూడా తనే చెప్పింది. ఇద్దరం కలిసి పోదాం, ఒకే ముద్దలోంచి చెరో శాంపిలు తీద్దాం, ఒకేసారి పరీక్ష చేద్దాం అని. నాకు ఒప్పుకోక తప్పలేదు.

ఆరోజు పుంగనూరులో భాయ్ పళ్ళెం తెచ్చి పెట్టాడు. ఆ అమ్మాయి గ్లోవ్సు వేసుకుని, ముద్దకు ఆ చివర తన శాంపిలు తీసుకుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. నేను నా పూజ మొదలుపెట్టాను. గిల్లాను, నలిపాను, వాసన చూశాను, "రవ్వ బాగా కుదిరింది భాయ్" అన్నాను, స్పిరిటు, గ్లోవ్సు, చెంచా.  తిరుగు బస్సులో నేను డబ్బీ తీసి, అదే బొటనవేలూ అదే చూపుడువేలూ ముంచి, పట్టు పట్టాను. అప్పుడు ఆమె అడిగింది.

"సార్, కోవాను ఎప్పుడూ అట్లే గిల్లుతారా?"

"గిల్లకుంటే ఏం తెలుస్తుందమ్మా?"

"గిల్లితే ఏం తెలుస్తుందో ఎల్లుండి తెలుస్తుంది."

ఎల్లుండి తెలిసింది. ఒకే ముద్ద. ఆమె ప్లేటు ఖాళీ, నా ప్లేటు నిండా కాటుక. నేను ప్లేట్ల వైపు చూస్తూ ఉండగానే ఆమె దూదిపుల్ల కాగితం విప్పింది.

"తల పైకెత్తండి సార్. నొప్పి ఉండదు."

నేనూ తుమ్మాను.

అంతటితో వదల్లేదు. కోవాలో దొరికినదీ, పెద్దామె ముక్కులో దొరికినదీ, నా ముక్కులో దొరికినదీ మూడింటినీ వేరువేరు ప్లేట్ల మీద పరిచి, వాటి మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పెద్దామెది ప్రతి బిళ్ళకూ దూరంగా జరిగిపోయింది, ఆమెలాగే అణకువగా. కోవాలోదీ నాదీ మాత్రం ఒక బిళ్ళను ఖాతరు చెయ్యకుండా దాన్ని ఆనుకుని పెరిగాయి. అది నాకు జలుబు చేసినప్పుడల్లా డాక్టరును అడక్కుండా మెడికల్ షాపులో కొని మింగే మాత్ర తాలూకు మందు. మింగీ మింగీ నా ముక్కులోదానికి ఆ మందును నేనే అలవాటు చేశాను.

ఆ అమ్మాయి రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. "అచ్చం మీ పోలికే సార్" అంది.

ఇలాంటప్పుడు మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. నేను వేసుకోబోయి ఆపుకున్నాను.

కొత్తగా ఈ పనిలో చేరిన మీ దగ్గర ఇప్పుడు పీసీఆర్ యంత్రాలున్నాయి. మేము రెండు రోజులు కాచుక్కూర్చున్నది అవి పూటలో తేలుస్తాయి. మంచిదే. కానీ యంత్రం ఉందా లేదా అనే చెబుతుంది. ఎవరి వెంట వచ్చిందని అడిగితే పలకదు. ఆ ప్రశ్న వేసుకునేటప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరినీ లెక్కపెట్టండి, మిమ్మల్ని కలుపుకుని.

రిపోర్టులు తప్పని రాసి సంతకం పెట్టి, ముందు కుప్పం పోయాను. అంగడాయన అంతా విని తొణకలేదు.

"కోవా మంచిదేనని నాకు తెల్సు సార్. మీరు బాగలేదన్న కోవా మా ఇంట్లో మేమే తింటా ఉండాము. పారెయ్యను మనసు రాలే."

"ఎవరికీ ఏమీ కాలేదా?"

"ఇంకొంచెం పెట్టమన్నారు."

నేను చెడగొట్టింది గిల్లినంత మేరే, దాన్ని కూడా నేనే భద్రంగా ఎత్తుకుపోయాను కాబట్టి ఆ ఇల్లు బతికిపోయింది.

పుంగనూరులో భాయ్ విని చాలాసేపు నా ముఖం వైపు, ముఖంలోనూ ఒకే చోటు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. బండలు తుడిచే ఆమెను కూడా పిలిచి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. అందరి నవ్వులూ అయ్యాక పెద్దామె సంగతి అడిగాను. భాయ్ నవ్వు తగ్గింది.

"ఇంగొకామెను పెట్టుకున్నా గదా సాబ్. ఆయమ్మను ఏమని పంపేది?"

"ముందు పెద్దామె దగ్గరికి పోదాం పద."

మేము వెళ్ళేసరికి ఆమె టమోటా తోట నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టి అడిగింది.

"అయితే నా ముక్కులో లేదా సామీ?"

లేదని ఉంటే ఎంత తేలికగా ఉండేదో. "ఉందమ్మా. చాలామందికి ఉంటుంది. దానివల్ల నీకేం కాదు. కోవాలో పడింది నీది కాదు, నాది."

"నీకూ ఉండాది, నాకూ ఉండాది" అంది ఆమె, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "నన్ను ఇంటికి పంపిరి. నిన్ను యాడికి పంపిరి?"

భాయ్ తల దించుకున్నాడు. నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు. ఆమాటే చెప్పాను.

"పనికి వస్తా" అంది చెంబు మళ్ళీ అందుకుంటూ. "ఆ కొత్తామెను యాల తీసేది, ఆయమ్మా ఉండనీ, నా చేతులూ ఇంగ ముసిలివి అయితాండాయి. కానీ మా ఊర్లో నువ్వొచ్చి చెప్పల్ల. ఇంటింటికీ వద్దులే. పొద్దున పాలు పోసేకాడ చెప్పు, సాలు."

మర్నాడు పొద్దున్నే పాలకేంద్రం దగ్గర, క్యాన్లతో చెంబులతో నిలబడ్డ జనం ముందు, నా ముక్కు చరిత్ర చెప్పుకున్నాను. నశ్యం దగ్గర మొదలుపెట్టి మెడికల్ షాపు మాత్ర దాకా ఏదీ దాచలేదు.  అంతా అయ్యాక ఒక ముసలాయన దగ్గరికొచ్చి రహస్యంగా అడిగాడు.

"ఆ నశ్యం ఇంగా ఉండాదా నాయనా?"

డబ్బీ ఆయనకిచ్చేశాను. ఆరోజుతో మానేశానని రాయాలని ఉంది. మదనపల్లెలో బస్సు దిగగానే కొత్త డబ్బీ కొన్నాను. నిజంగా మానడానికి చాలా కాలం పట్టింది. కోవా గిల్లడం మాత్రం ఆరోజే మానేశాను.

మరుసటి వారం పెద్దామె తెడ్డు పట్టుకుంది. ఊళ్ళో తర్వాత జరిగిన ఒక పెళ్ళికి పొయ్యి దగ్గర ఆమే ఉందని విన్నాను. భాయ్ కోవా బెంగుళూరు చేరింది. నాకొచ్చిన కొత్త పేరు కూడా ఊళ్ళు దాటింది. పుంగనూరులో నేను అడుగుపెట్టగానే భాయ్ "ముక్కు సార్ వచ్చినారు, కోవా మూత పెట్టండప్పా" అని కేక వేసేవాడు. సబ్బు, చెంబుతో నీళ్ళు, భుజాన తువ్వాలతో ఎదురొచ్చి, బేరగాళ్ళందరి ముందూ పెళ్ళికొడుక్కి చేసినట్టు నా చేతులు కడిగించేవాడు. ఆ పేరు కుప్పం దాకా పాకింది. ఒక కండక్టరయితే "ముక్కు సార్, మదనపల్లేనా" అని టికెట్టు కొట్టేవాడు. ముక్కుసూటి మనిషినని ఆ పేరు వచ్చిందేమోనని మా ఆవిడ కొంతకాలం గర్వపడింది. నేను సరిదిద్దలేదు.

రిటైరయ్యే ముందు చివరిసారి శాంపిలుకు పోయాను. భాయ్ నాకు శాలువా కప్పాడు. నాలుగు మాటలు మాట్లాడబోయాడు. పొగకో బాధకో ముక్కు కారింది. చేత్తో తుడుచుకుని, మీసం సవరించుకుని, అదే చేత్తో పళ్ళెంలోని కోవా చిటికెడు గిల్లి, "నోరు తెరువు సాబ్" అంటూ నా నోటి దగ్గరికి తెచ్చాడు.

నేను ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాను. రెండో చేత్తో సంచీలోంచి దూదిపుల్ల తీశాను.

బాండ్లి దగ్గర తెడ్డు ఆగింది. పెద్దామె తెడ్డును కొత్తామె చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, భాయ్ గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"తల పైకెత్తు భాయ్. నొప్పి ఉండదు. ఊరికే గిలి పెడతాది, అంతే."

భాయ్ తుమ్ముకు పక్కన పెట్టిన పళ్ళెం మూత కూడా ఎగిరింది.

అది నేను ల్యాబులో చేసిన ఆఖరి పరీక్ష. ప్లేటు చూసుకుని భాయ్‌కి ఫోను చేశాను. పెద్దామె ఎత్తింది. భాయ్ అంగట్లో జనంతో ఉన్నాడట.

"ఉండాదా సామీ?"

"ఉండాదమ్మా."

ఆమె ఫోను పక్కకు పెట్టి, వీధికి కూడా వినబడేలా పిలిచింది. "భాయ్, తువ్వాల తీసుకో. నిన్ను ఇంటికి పంపమంటాండారు సార్."

అప్పుడూ నేను పంపమనలేదు, ఇప్పుడూ అనలేదు. రెండుసార్లూ వద్దని కూడా అనలేదు.